సెలిగ్మన్ నుంచి ప్లాంక్ రోడ్ దాకా: రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్‌తో నాలుగు రోజులు

మా నాన్న మార్కాపురం డిపోలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. పోయిన నవంబర్లో అమ్మా నాన్నా అమెరికాలో, అరిజోనాలోని చాండ్లర్లో మా ఇంటికొచ్చారు. గ్రాండ్ కాన్యన్, వేగస్ అయిపోయాక ఇంకేం చూపించాలా అని నేను తల పట్టుకుంటే ఆయనే "కార్లు కొత్తగా వచ్చినప్పటి పాత రోడ్లేమన్నా మిగిలున్నాయారా ఇక్కడ?" అన్నాడు. బ్రహ్మాండంగా ఉన్నాయి నాన్నా అని నాలుగు రోజుల లూప్ వేశా. సెలిగ్మన్, కింగ్‌మన్, ఓట్‌మన్, ఆంబాయ్, బార్‌స్టో, శాన్ డియాగో, అక్కడ్నుంచి యూమా మీదుగా ఇంటికి.

ఈ లూప్‌లో ముందు సగం రూట్ 66 అనే పేరున్న పాత హైవే. దానికి ఆ నంబర్ వచ్చింది 1926లో. అంతకుముందు ఈ ప్రాంతంలో అదే దారిని నేషనల్ ఓల్డ్ ట్రెయిల్స్ రోడ్ అనేవాళ్ళు, రోడ్డంటే రోడ్డు కాదు, రైలు పట్టాల పక్కన బండి బాట. రైలుకి నీళ్ళున్న చోటే కారుకీ నీళ్ళు దొరికేవి కాబట్టి పట్టాలు వదిలి దూరంగా పోయే ధైర్యం ఎవరికుంటుంది.

సెలిగ్మన్ చిన్న ఊరు. 1978లో ఐ-40 అనే కొత్త పెద్ద హైవే పక్కనుంచి పోవడంతో ఒక్కరోజులో బేరాలు పడిపోయాయంట. ఊళ్ళో మంగలి షాపు నడిపే ఏంజెల్ డెల్గాడియో ఇంకొంతమందిని కూడగట్టి 1987లో సంఘం పెట్టి, పాత రోడ్డుని హిస్టారిక్ రోడ్డుగా గుర్తించేదాకా వదల్లేదు. ఇప్పుడు ఊరంతా సావనీర్ షాపులే, టూర్ బస్సులే. ఫోటోలకి బావుంటుంది, గంట చాలు. అసలు మజా అక్కడ్నుంచి కింగ్‌మన్ వరకు ఉన్న 87 మైళ్ళ పాత రోడ్డులో ఉంది, హ్వాలపాయ్ తెగవాళ్ళ ఊరు పీచ్ స్ప్రింగ్స్ మీదుగా పోతుంది, ట్రాఫిక్ ఉండదు, నాన్న కిటికీ దించి కూర్చుని "ఇట్టాంటి రోడ్డు మీద డ్యూటీ ఇచ్చుంటే ఇంకో పదేళ్ళు చేసేవాణ్ణి" అన్నాడు.

కింగ్‌మన్లో ఒక పాత మోటెల్లో దిగాం. గుజరాతీ ఫ్యామిలీది, ఈ రూట్లో చాలా మోటెళ్ళు వాళ్ళవే. 80 డాలర్ల లోపే, రూము శుభ్రం, అమ్మని చూసి మోటెల్ ఆవిడ అడక్కుండానే టీ పెట్టిచ్చింది. కానీ ఏసీ ట్రాక్టర్లా మోత, దానికి తోడు రాత్రంతా గూడ్సు రైళ్ళ హారన్లు. పట్టాలకి దూరంగా ఉన్న రూము అడిగి తీసుకోండి, నేను అడగలేదు. ఊళ్ళో పవర్‌హౌస్ బిల్డింగులో ఉన్న రూట్ 66 మ్యూజియం మాత్రం మిస్ అవ్వొద్దు.

మర్నాడు సిట్‌గ్రీవ్స్ పాస్ అనే కొండ దారి. ఎత్తు 3,550 అడుగులే, కానీ మలుపులు చూస్తే చెమటలు పడతాయి, చాలా చోట్ల పక్కన గోడ లేదు, 40 అడుగుల పొడవు దాటిన బళ్ళని రానివ్వరు. ఇక్కడ నాన్నకి చెప్పిన ముచ్చట ఏంటంటే, ఫోర్డ్ మోడల్ టీకి పెట్రోల్ పంపు ఉండేది కాదు, ట్యాంకు సీటు కింద, పెట్రోల్ దానంతటదే కిందికి దిగి ఇంజిన్‌కి చేరాలి. ఏటవాలు ఎక్కేటప్పుడు ముందు భాగం పైకి లేస్తే పెట్రోల్ అందక బండి ఆగిపోయేది. అందుకని కొండని రివర్స్‌లో ఎక్కేవాళ్ళు! పైగా ఆ బండికి రివర్స్ గేరే ఎక్కువ బలం. చేతకానివాళ్ళు డబ్బులిచ్చి లోకల్ వాళ్ళతో లాగించుకునేవాళ్ళు. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "దోర్నాల ఘాట్లో నేను రివర్స్ గేర్లో శ్రీశైలం పోతే నన్ను సస్పెండ్ చేసేవాళ్ళు" అన్నాడు.

కిందకి దిగితే ఓట్‌మన్. బంగారు గనుల ఊరు, 1942లో యుద్ధం పేరుతో గవర్నమెంటు బంగారు గనులు మూయించింది, 1952లో రోడ్డు యక్కా అనే ఊరి వైపు మళ్ళింది, రెండు దెబ్బలకీ ఊరు ఖాళీ. మిగిలింది గాడిదలు. గనివాళ్ళు వదిలేసి పోయిన వాటి సంతానం, రోడ్డు మధ్యలో నిలబడి కారులో తల పెట్టి దబాయిస్తాయి. అమ్మ చేతిలో కవర్ లాక్కోబోయింది ఒకటి, లోపల పులిహోర ఉంది. పాత హోటల్ గోడల నిండా ఒక డాలర్ నోట్లు అతికించి ఉంటాయి. పాత హాలీవుడ్ హీరో క్లార్క్ గేబుల్ హనీమూన్ ఇక్కడే అని చెప్తుంటారు, 1939లో పెళ్ళి కింగ్‌మన్లో చేసుకున్న మాట నిజం, మిగతాది మీ ఇష్టం. వీధిలో తుపాకీ డ్రామా ఒకటి వేస్తారు, పిల్లలుంటే ఓకే. ఊళ్ళో బంకు లేదు, కింగ్‌మన్లోనే ట్యాంకు నింపుకోండి.

నీడిల్స్ దాటాక గోఫ్స్ అని ఒక ఊరుంది, ఊరంటే 1914 నాటి స్కూలు బిల్డింగు, దాన్నే మ్యూజియం చేశారు. టికెట్ లేదు, తోచింది హుండీలో వెయ్యడమే. చలికాలం సీజన్లో, అదీ కొన్ని రోజులే తీస్తారు కాబట్టి చూసుకుని వెళ్ళండి. ట్రిప్ మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇదే. ఎడారి దారిలో కార్ల ముందు వేలాడదీసుకునే కాన్వాస్ నీళ్ళ సంచుల గురించి నేను మొదలుపెట్టగానే నాన్న అందుకున్నాడు, గుడ్డలోంచి నీళ్ళు చెమర్చి, గాలికి ఆరి, లోపలి నీళ్ళు చల్లబడతాయి, మన కుండ లెక్కే. ఒకప్పుడు మా వైపు జీపులకీ లారీలకీ అవే కట్టేవాళ్ళంట.

ఆంబాయ్‌కి పాత రోడ్డు మీదే పోదామనుకున్నా కానీ 1930ల నాటి చెక్క వంతెనలు వరదలకి దెబ్బతిని రోడ్డు మూసేశారు, ఐ-40 మీద పోయి కెల్‌బేకర్ రోడ్ దగ్గర దిగాలి. రాయ్స్ అనే పాత మోటెల్ బోర్డు (1959ది) దూరం నుంచే కనబడుతుంది. మేం వెళ్ళినప్పుడు రూములు ఇవ్వట్లేదు, బంకు, చిన్న షాపు ఉన్నాయి. ఇక్కడి భూమిలో నీళ్ళు ఉప్పు, తాగే నీళ్ళు రైలు ట్యాంకర్లో తెచ్చుకునేవాళ్ళు. పక్కనే బాగ్దాద్ అని ఉండేది, 1912 అక్టోబర్ నుంచి 1914 నవంబర్ దాకా 767 రోజులు చుక్క వాన లేదక్కడ. మార్కాపురం కరువు చూసిన మా అమ్మ కూడా "అమ్మో" అంది.

బార్‌స్టో పడుకోవడానికే. శాన్ డియాగోలో ఒక రాత్రి, బీచ్, అందరికీ తెలిసిందే.

ఆఖరి రోజు ఐ-8లో గ్రేస్ వెల్ ఎగ్జిట్ దగ్గర ఇసుక దిబ్బల్లో ప్లాంక్ రోడ్. లాస్ ఏంజిలిస్ కన్నా ముందు తమ ఊరికే రోడ్డు రావాలని శాన్ డియాగో వాళ్ళు పంతం పట్టి, 1915లో ఇసుక మీద చెక్క పలకలు పరిచారు. అవి విరిగిపోతే 1916లో 8 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉన్న చెక్క ముక్కలు చేసి వేశారు, ఇసుక కప్పేసినప్పుడల్లా గుర్రాలతో లాగి పక్కకి జరిపేవాళ్ళు. 1926 దాకా అదే హైవే! ఒకటే వరుస, మధ్యమధ్యలో తప్పుకోవడానికి వెడల్పు చోట్లు. ఎదురెదురుగా రెండు కార్లొస్తే ఎవరు వెనక్కి పోవాలని తగాదాలే తగాదాలు. ఇప్పుడు మిగిలింది కొంచెం ముక్కే, కంచె వేసి ఉంచారు, నీడ లేదు, నీళ్ళు పట్టుకుపోండి.

నాన్న కంచె పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఘాట్లో అయితే ఎక్కే బండికి దారియ్యాల. ఇక్కడ చదునుగా ఉంది, రూలేందిరా మరి?" అన్నాడు.

ఫ్లాస్కులో టీ పోస్తూ అమ్మ, "ఏ రూలైతే ఏంది, మీరు మాత్రం వెనక్కి పోరుగా" అంది.