మియాటా, బాక్‌స్టర్, ఎస్2000: పాత స్పోర్ట్స్ కారు కొనాలంటే ఏది మేలు?

అమెరికాలో ఇంటికో క్యామ్రీ, ఓ సీఆర్‌వీ వచ్చేశాక, వీకెండ్‌లో టాప్ తీసి తిరగడానికి రెండు సీట్ల కారు కావాలనుకునే మనవాళ్లు ఎక్కువగా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతారు. 1999-2005 మాజ్దా మియాటా, 1997-2004 పోర్షే బాక్‌స్టర్, 2000-2009 హోండా ఎస్2000. మూడూ మంచి కార్లే, కానీ ఒక్కోటి ఒక్కో రకంగా చెడిపోతుంది, చెడినప్పుడు జేబుకి పడే చిల్లులో చాలా తేడా ఉంటుంది. లుక్స్ కన్నా ముందు ఆ చిల్లు ఎంతో చూడమంటాను నేను.

బాక్‌స్టర్‌తో మొదలుపెడతా, ఎందుకంటే టెన్షన్ అంతా దాంతోనే. పోర్షే అంత చవగ్గా దొరుకుతోందంటే దానికి పెద్ద కారణం ఐఎంఎస్ (ఇంటర్మీడియట్ షాఫ్ట్) బేరింగ్ అనే చిన్న భాగం. క్రాంక్‌షాఫ్ట్‌కీ క్యామ్‌షాఫ్టులకీ మధ్య ఓ షాఫ్ట్ ఉంటుంది, దాని చివర ఈ బేరింగ్. అది విరిగితే టైమింగ్ తప్పి, వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని, ఇంజిన్ మొత్తం పోతుంది, కొత్త ఇంజిన్ ఖర్చు కారు ధరని దాటిపోతుంది. మొదటి ఏళ్ల కార్లలో రెండు వరుసల బాల్స్ ఉన్న బేరింగ్ వాడారు, అది గట్టిది. 2000 ప్రాంతంలో ఒంటి వరుసకి మారారు, గొడవంతా అక్కడే. దీనిమీద అమెరికాలో కోర్టు కేసు కూడా నడిచింది, అందులో బయటికొచ్చిన లెక్క ప్రకారం ఒంటి వరుస బేరింగుల్లో సుమారు 8 శాతం పోయాయి, రెండు వరుసల వాటిలో 1 శాతం లోపే. అంటే ఎక్కువ కార్లకి ఏమీ కాలేదు, నిజమే, కానీ ఆ 8లో మన కారు పడితే ఆ శాతాలతో మనకేం పని?

అందుకని అమ్మేవాళ్లని మొదట అడగాల్సింది మైళ్లు కాదు, క్లచ్ ఎప్పుడు మార్చారు, అప్పుడు బేరింగ్ కూడా మార్చారా, బిల్లు ఉందా అని. గేర్‌బాక్స్ దించితే గానీ ఆ బేరింగ్ చేతికి అందదు, అందుకే బుద్ధున్న ఓనర్ రెండూ ఒకేసారి చేయిస్తాడు. బిల్లు లేకపోతే చేయలేదనే లెక్క. ఇంకో పని: ఆయిల్ మార్చేటప్పుడు పాత ఫిల్టర్ కాగితాన్ని కోసి మడతలు విప్పి చూడమనండి. గోధుమ రంగు ప్లాస్టిక్ తునకలు ఒకటీ రెండూ కనిపిస్తే అవి టైమింగ్ చెయిన్ రాసుకుంటూ పోయే ప్యాడ్లవి, అంత కంగారు అక్కర్లేదు. మెరిసే రజను కనిపించి, అది అయస్కాంతానికి అంటుకుంటే మాత్రం ఆ కారు వదిలేసి వచ్చేయండి.

బాక్‌స్టర్‌లో ఇంకో చిక్కుంది, హుడ్ ఎత్తితే ఇంజిన్ కనపడదు. ముందు డిక్కీ, వెనక డిక్కీ, ఇంజిన్ మధ్యలో దాక్కుని ఉంటుంది. కాబట్టి వెనక డిక్కీలో కార్పెట్ తడిగా ఉందేమో తడిమి చూడండి, కూలెంట్ ట్యాంక్ ప్లాస్టిక్‌ది, పగులుతుంది. ఎడమ సీటు కింద కూడా చెయ్యి పెట్టండి. టాప్ మీద పడ్డ నీళ్లు బయటికి పోయే గొట్టాలు ఆకులతో పూడితే నీళ్లు లోపలికొచ్చి, ఆ సీటు కిందున్న కంట్రోల్ బాక్స్ తడిసి కారు స్టార్టే అవదు.

ఎస్2000కి ఇంజిన్ భయం తక్కువ. రెండు లీటర్ల ఇంజిన్ 240 హార్స్‌పవర్ ఇస్తూ 9000 ఆర్‌పీఎం దాకా వెళ్తుంది (అమెరికాలో 2004 నుంచి 2.2 లీటర్లు చేసి ఆ ఆర్‌పీఎం హద్దు తగ్గించారు). ఇక్కడ అసలు అనుమానించాల్సింది పాత డ్రైవర్‌ని. మూడో గేరు నుంచి నాలుగుకి లాగబోయి రెండులో వేశాడంటే ఇంజిన్ హద్దు దాటి తిరిగి, వాల్వు స్ప్రింగుల్ని పట్టి ఉంచే రిటైనర్లు పగలొచ్చు, ఆ పగులు వెంటనే బయటపడకుండా ఎన్నో మైళ్ల తర్వాత పడొచ్చు. కంప్రెషన్, లీక్‌డౌన్ టెస్టులు (సిలిండర్లలో ఒత్తిడి ఎంతుంది, గాలి ఎంత కారుతోంది అని చూసేవి) లేకుండా కొనొద్దు, నాలుగో సిలిండర్ అంకె ప్రత్యేకంగా చూడండి. ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించండి, కొన్ని సెకన్లు గడగడమంటే చెయిన్ టెన్షనర్ అరిగినట్టు. అది పెద్ద ఖర్చు కాదు, బేరానికి పనికొస్తుంది. మనం వెళ్లేసరికే హుడ్ వెచ్చగా ఉంటే మాత్రం ఇంకో రోజు పొద్దున్నే వస్తామని చెప్పండి. నన్నడిగితే ఈ కారుతో అసలు ఇబ్బంది ధర, మంచివి ఇప్పుడు బాగా ప్రియం.

మియాటాకి తుప్పే ప్రాణాంతకం. న్యూజెర్సీ, మిషిగన్ లాంటి చోట్ల చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, వెనక చక్రానికి కాస్త ముందు డోర్ కింద ఉండే రేకు అక్కణ్నుంచి లోపల తినేస్తుంది. పైకి పెయింట్ నిగనిగలాడుతున్నా బొటనవేలితో నొక్కండి, కరకరమని లోపలికి పోతే అయిపోయినట్టే. కారు పైకెత్తించి ముందు ఫ్రేమ్ రైళ్లు కూడా చూడాలి. 1999, 2000 మోడళ్లలో కొన్నిటికి, క్రాంక్‌షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరక్కుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ పోతుంది. ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఒకరు క్లచ్ తొక్కితే ఇంకొకరు క్రాంక్ పుల్లీని చూడాలి, అది ముందుకీ వెనక్కీ జరిగితే కొనొద్దు. మిగతావి, క్లచ్ స్లేవ్ సిలిండర్ కారడం, 60 వేల మైళ్లకో టైమింగ్ బెల్ట్, ఇలాంటివి కాస్త చేతిపనున్నవాళ్లు గరాజ్‌లో తామే చేసుకోగలరు.

మొదటిసారి కొనేవాళ్లకి నా ఓటు మియాటాకే, అదీ టెక్సస్ లాంటి, రోడ్ల మీద ఉప్పు పెద్దగా చల్లని రాష్ట్రంలో తిరిగింది. డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లకి ఇది సులువే, న్యూజెర్సీ వాళ్లు దక్షిణాది నుంచి తెప్పించుకోవడానికి ట్రక్కు ఖర్చు పెట్టుకున్నా నష్టపోరు. బేరింగ్ బిల్లున్న బాక్‌స్టర్ ఎదురైతే మాత్రం నేనూ మనసు మార్చుకుంటాను, ఆ సిక్స్ సిలిండర్ శబ్దం మియాటాలో రమ్మన్నా రాదు. బిల్లు లేని బాక్‌స్టరే నచ్చితే క్లచ్, బేరింగ్ పనికి ఎంతవుతుందో ముందే షాపులో రాయించుకుని, ఆ మొత్తం ధరలోంచి కొట్టేయమని అడగండి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఇంకోటి చూసుకోండి, ఈ కార్లు బోలెడు తయారయ్యాయి.