స్ప్రింగ్ ఎయిర్ గన్‌తో ఆరేళ్లు: ఆ టంగుమనే మోత ఎలా వదిలిందంటే

ఈ తుపాకీ గురించి రాద్దామని కూర్చున్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది దాని గురి కాదు, దాని చప్పుడు. బారెల్ వంచి లోడ్ చేసే మామూలు .177 (4.5 మి.మీ. పెల్లెట్) ఎయిర్ గన్, పాత జర్మన్ డయానా 35 పోలికలో మన దేశంలోనే చేసింది. బరువెంత, పొడుగెంత అన్నవి పెట్టె మీదే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నాను. కొన్న కొత్తలో ట్రిగ్గర్ నొక్కితే పెల్లెట్ అట్టకి తగిలిన చప్పుడు కన్నా లోపల స్ప్రింగ్ మోగే మోతే ఎక్కువగా వినపడేది. గుళ్లో గంట కొట్టి వదిలేశాక చివర్లో సన్నగా సాగుతుందే, అలాంటిది. చెంప తుపాకీ కర్రకి ఆనించి ఉంటాం కదా, అది చెవికంటే ముందు దవడకి తెలిసేది. తీర్థంలో బుడగలు కొట్టే తుపాకులు కూడా ఇలాగే మోగుతాయి కాబట్టి స్ప్రింగ్ గన్ అంటే ఇంతేనేమో అని ఏడాదిన్నర సర్దుకుపోయాను. మా ఆవిడ సర్దుకోలేదు. "మొదలెట్టారా మళ్లీ ఆ డబ్బా మోత" అని వంటింట్లోంచే అనేది.

నేను కాల్చేది కొబ్బరికాయల కొట్లో, పది మీటర్ల దూరంలో, వెనక ఇసక నింపిన ఎరువు సంచులు పెట్టుకుని. చూసినవాళ్లందరూ "చెరువుల మీద కొంగలకా?" అని అడుగుతారు. కాదండీ, అట్టముక్కలకి. కొంగని కొడితే కేసు కూడా అవుతుంది.

ఆ మోత విని నేను చేసిన మొదటి పని తప్పు పని. స్ప్రింగ్ వీకైపోయి ఉంటుంది, గట్టిది వేస్తే సరిపోతుంది అనుకున్నాను. "ఎక్కువ పవర్" అని అమ్ముతున్న స్ప్రింగ్ ఒకటి తెప్పించి, ఎక్కించేటప్పుడు గ్రీజు ఎంత పూస్తే అంత మంచిదని, స్ప్రింగ్ వదలగానే ముందుకు దూకి గాలిని నొక్కే పిస్టన్ ముందు భాగానికి కూడా దట్టంగా పూసి బిగించాను. మే నెల మధ్యాహ్నం, మొదటి షాట్ ఢామ్మంది. బారెల్‌లోంచి నీలం పొగ, ట్రాక్టర్ స్టార్ట్ చేసినప్పటి వాసన. పెల్లెట్ అట్టనీ, దాని వెనక చెక్కనీ దాటి ఇసకలోకి పోయింది. నిజం చెప్పాలంటే ఆ పూట చాలా సంబరపడ్డాను, పొగ ఆగేదాకా కాల్చాను. డీజిల్ ఇంజన్‌కి ప్లగ్ ఎందుకు ఉండదో తెలిసిన ఊళ్లో పుట్టి కూడా, గాలిని ఒక్కసారిగా నొక్కితే వేడెక్కి లోపలున్న నూనె అంటుకుంటుందన్న సంగతి తట్టలేదు. మూడో వారానికి పిస్టన్ ముందు గాలి పోకుండా పట్టే సీల్ అంచు కాలి గరుకుదేలింది. అంతకు ముందే స్కోప్‌లో క్రాస్ గీతలు పక్కకి ఒరిగిపోయాయి. మామూలు రైఫిల్ వెనక్కి మాత్రమే తంతుంది, స్ప్రింగ్ గన్ అలా కాదు. పిస్టన్ ముందుకు దూకేటప్పుడు తుపాకీ వెనక్కి వస్తుంది, పిస్టన్ చివర ఆగగానే మళ్లీ ముందుకు ఉరుకుతుంది. ఈ రెండో కుదుపుకి తట్టుకునేలా చెయ్యని స్కోప్ నిలవదు. నాది నిలవలేదు. కొత్త సీలు, కొత్త స్కోపు, ఆ స్ప్రింగ్ డబ్బులు అన్నీ కలిపితే తుపాకీ ధరలో సగం పైనే అయింది.

అప్పుడు కోపంతో మొత్తం విప్పాను. వడ్రంగి దగ్గర పొడుగు క్లాంప్ అడిగి తెచ్చుకుని, స్ప్రింగ్‌ని దాంతో పట్టి ఉంచి, వెనక పిన్ను తీసి, నెమ్మదిగా వదులుకుంటూ వచ్చాను. అలా వదులుతుంటేనే నాలుగైదు సెంటీమీటర్లు వెనక్కి తన్నుకొచ్చింది. క్లాంప్ లేకుండా ఆ పిన్ను తీసేవాళ్లున్నారని విన్నాను, వాళ్లకి పళ్లమీద ఆశ లేదేమో. విప్పి చూస్తే మోతకి కారణం కళ్ల ముందే ఉంది: స్ప్రింగ్ లోపల ఉండే గైడ్ రాడ్ సన్నం, స్ప్రింగ్ దాని మీద వదులుగా, బొంగులో కర్రలా ఆడుతోంది. పిస్టన్ ఆగాక స్ప్రింగ్‌లో మిగిలిన ఊపు ఎటు పోతుంది? అటు గైడ్‌కీ ఇటు పిస్టన్ గోడకీ కొట్టుకుంటూ మోగుతుంది. అంటే వీక్ స్ప్రింగ్ కానే కాదు. లూజు అంతే.

అమలాపురంలో ఒక లేత్ షాపు ఉంది, రొయ్యల చెరువుల ఏరియేటర్లకి బుష్షులు చేసి ఇస్తుంటారు. పాత స్ప్రింగ్, పాత గైడ్ పట్టుకెళ్లి మేస్త్రి గారి ముందు పెట్టాను. ఆయన స్ప్రింగ్‌ని వేళ్ల మధ్య దొర్లించి, "ఇది తుపాకీదా అండీ? పోలీసుల గొడవేం లేదు కదా?" అన్నారు. లేదండీ అని చెప్పి, స్ప్రింగ్ దీని మీద చేత్తో మెలితిప్పితే గానీ ఎక్కకూడదు, అంత టైటుగా ప్లాస్టిక్ రాడ్‌లోంచి గైడ్ తీయండి అన్నాను. ఆయన తెల్ల రాడ్ ముక్క ఒకటి చక్‌కి బిగించి, కాస్త తీయడం, ఆపి స్ప్రింగ్ పెట్టి చూడడం, మళ్లీ కాస్త తీయడం, ఇలా ఆరేడు సార్లు చేశారు. చివరిసారి స్ప్రింగ్ కిర్రుమని ఎక్కింది. "ఇంక మోగితే నన్నడగండి" అన్నారు.

ఇంటికొచ్చి మిగతాది చేశాను. గట్టి స్ప్రింగ్ పక్కన పడేసి కంపెనీదే మళ్లీ వేశాను, దాని రెండు కొసలూ ఆకురాయి మీద నున్నగా అరగదీసి. సిలిండర్‌లో కాకింగ్ (బారెల్ వంచి స్ప్రింగ్ ఎక్కుపెట్టడం) గాడి అంచులు చేత్తో తడిమితే చర్మం గీసుకుంటున్నాయి, సన్న ఆకురాయితో వాటినీ మొద్దు చేశాను. కూల్‌డ్రింక్ సీసా కోసి, ఆ ప్లాస్టిక్‌ని చుట్టగా పిస్టన్ లోపల దూర్చాను, బయటివైపు సందు కూడా పోతుందని. పిస్టన్ పక్కలకి మాలిబ్డినం కలిపిన మాలీ గ్రీజు మసిలా పల్చగా, స్ప్రింగ్‌కి బంకలాంటి నల్ల గ్రీజు కొంచెం. సీల్ ముందు ఏమీ లేదు, ఒక్క చుక్క కూడా. (పాత తుపాకుల్లో సైకిల్ పంపులో లాగా తోలు వాషర్ ఉంటే దానికి చుక్క నూనె కావాలి, నాది అది కాదు.)

మొదటి షాట్‌కి నాకు పేలలేదేమో అనిపించింది. టప్. అంతే. తలుపు గడియ పడినట్టు. అట్టకి కన్నం పడిందో లేదో వెళ్లి చూసొచ్చాను. ఆ సాయంత్రం డబ్బా పెల్లెట్లలో సగం ఖాళీ చేశాను, ఏ గురీ లేకుండా, కేవలం ఆ చప్పుడు వినడానికి. స్నేహితుడి క్రోనోగ్రాఫ్‌తో కొలిస్తే వేగం పెరగలేదు. విప్పకముందు సెకనుకి 188 నుంచి 214 మీటర్ల దాకా ఇష్టమొచ్చినట్టు ఊగేది, ఇప్పుడు 197 నుంచి 203 మధ్యలో ఉంది. సగటు దాదాపు అదే.

ఇంతవరకూ రాసి ఆపితే బాగుండేది. జూలై వచ్చింది. ముసురు పట్టిన నాలుగు వారాల తర్వాత కాకింగ్ బరువెక్కింది, బారెల్ వంచుతుంటే లోపల ఏదో పట్టుకుని వదిలినట్టు. వేగం 180కి పడింది. సీల్ మళ్లీ పోయిందనుకుని విప్పాను. సీల్ బాగానే ఉంది, గైడ్ మాత్రం స్ప్రింగ్‌లోంచి ఊడి రాదు. వెర్నియర్ పెట్టి చూస్తే గైడ్ లావెక్కింది! వెంట్రుకంత, కానీ అంత టైటుగా చేయించుకున్నాక వెంట్రుక చాలు. మేస్త్రి గారు బుష్షులు చేసే నైలాన్ రాడ్‌లోంచే దాన్ని తీశారు, నైలాన్ గాలిలో తేమని పీల్చి ఉబ్బుతుంది. కోనసీమలో వానాకాలం అంటే దానికి పండగే. వెళ్లి చెబితే ఆయన ఏమాత్రం తడుముకోకుండా "మీరు ప్లాస్టిక్ అన్నారండీ. డెల్రిన్ అంటే డెల్రినే ఇచ్చేవాణ్ణి, రెండూ తెల్లగానే ఉంటాయి" అన్నారు. ఆయన తప్పేం లేదు. తేమని అంతగా పీల్చని ప్లాస్టిక్ అది. డెల్రిన్‌ది చేయించి నాలుగేళ్లు కావస్తోంది, ఏ వానకీ కదల్లేదు.

ఇంకో సంగతి. మోత పోయాక ఐదు షాట్ల కన్నాల గుంపు టీ గ్లాసు మూతి నుంచి పది రూపాయల బిళ్లకి దిగిందని అప్పట్లో కనపడిన వాళ్లందరికీ చెప్పాను. అబద్ధం కాదు గానీ, పూర్తి నిజం కూడా కాదు. అదే నెలలో నేను తుపాకీ పట్టుకునే పద్ధతి కూడా మార్చాను. తర్వాతెప్పుడో పందెం మీద పాత పద్ధతిలో గట్టిగా బిగించి పట్టుకుని కాల్చి చూస్తే, ట్యూన్ చేసిన తుపాకీ కూడా మళ్లీ టీ గ్లాసు మూతంత గుంపే వేసింది. భుజానికి అదిమి, కర్రని పిడికిలితో నులిమేసేవాణ్ణి. పోటీల్లో చూసిందే నేర్చుకున్నాను మరి. గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం గెలిచిన పోటీ కూడా .177తోనే, పది మీటర్లే, కానీ ఆ తుపాకుల్లో స్ప్రింగ్ ఉండదు, ముందే నింపిన గాలితో పనిచేస్తాయి, వాటిలో కుదుపన్నదే దాదాపు లేదు. మన స్ప్రింగ్ గన్‌లో పెల్లెట్ ఇంకా బారెల్ దాటకముందే తుపాకీ కదలడం మొదలుపెడుతుంది. ఆ కదలికని మనం ఆపలేం, ప్రతిసారీ ఒకేలా కదలనివ్వగలం అంతే. అందుకే ఎడమ అరచెయ్యి తెరిచి, ట్రిగ్గర్ గార్డ్‌కి కాస్త ముందు, నిండు పాలగిన్నెని మోసినట్టు ఊరికే ఆన్చాలి. వేళ్లు ముడవకూడదు. భుజానికి తగిలీ తగలనట్టు. ట్రిగ్గర్ నొక్కాక కన్నం కనపడేదాకా కదలకూడదు. కిటికీ చెక్క మీదో బల్ల మీదో నేరుగా పెట్టి కాలిస్తే గురి ఎటో పోతుంది, మధ్యలో చెయ్యి ఉండాల్సిందే. ఫైన్‌వెర్క్‌బౌ 300 అనే జర్మన్ పోటీ తుపాకీలో ఈ బాధ లేకుండా లోపలి భాగమంతా పట్టాల మీద వెనక్కి జారేలా చేశారు. నా అరచెయ్యి ఆ పట్టాల పని చేస్తోందన్నమాట, చాలా తక్కువ ఖర్చులో.

ట్రిగ్గర్ మాత్రం ఇప్పటికీ పొడుగే, బరువే, దానికి నేనేం చెయ్యలేదు, చెయ్యడానికి ధైర్యం లేదు. కర్ర స్క్రూలు మూడు డబ్బాలకోసారి వదులవుతాయి, లాక్ జిగురు వేశాక కాస్త నయం. పెల్లెట్ పెట్టేటప్పుడు బారెల్‌ని రెండో చేత్తో వదలకుండా పట్టుకునే అలవాటు మాత్రం మొదటిరోజు నుంచీ ఉండాలి, లాక్ జారిందంటే వేలు మిగలదు.

మరి విప్పమంటారా అని అడిగితే నాకు కొట్టు ఉంది, ఖాళీ ఉంది, విసుక్కోని లేత్ మేస్త్రి ఉన్నారు. ఏడాదికి ఒక డబ్బా కాల్చేవాళ్లు స్క్రూలు బిగించి, చెయ్యి మార్చుకుంటే చాలనే అనిపిస్తోంది నాకు. మోత పడనివాళ్లయితే అది వేరే సంగతి, నేను ఆ రకం.

ఆ నైలాన్ గైడ్ ఇంకా సొరుగులోనే ఉంది, పవర్ స్ప్రింగ్ పక్కన. లోపలి కొలత ఒకటే కాబట్టి అప్పుడప్పుడు తీసి ఆ స్ప్రింగ్‌లో దూర్చి చూస్తుంటాను. మే నెలలో చేత్తో తోస్తే జారుతుంది. ఆగస్టులో మెలితిప్పినా సగందాకే వెళ్తుంది.