బెంగళూరులో తెలుగులో సీబీటీ థెరపీ: 12 సెషన్ల తర్వాత నా రివ్యూ

మారతహళ్ళి దగ్గర నాకు లేడీస్ పీజీ ఉంది. 42 మంది అమ్మాయిలు, సగానికి పైగా మన తెలుగు పిల్లలే. మా సొంతూరు మదనపల్లె, ఇక్కడికొచ్చి పదకొండేళ్ళయింది. పోయిన సంవత్సరం నాలుగు నెలల పాటు నేను వెళ్ళిన సీబీటీ కౌన్సెలింగ్ (దిగులు పుట్టించే ఆలోచనను పట్టుకుని, నిజమో కాదో సరిచూసుకునే పద్ధతి) గురించి రాస్తున్నాను, ఎందుకంటే వెళ్ళే ముందు ఇలాంటిది తెలుగులో ఎవరైనా రాశారేమోనని చాలా వెతికాను, దొరకలేదు. సెంటర్ పేరు రాయడం లేదు. అక్కడ తెలుగు మాట్లాడే సైకాలజిస్టు ఒక్కరే ఉన్నారు, ఇప్పటికే మూడు వారాల వెయిటింగ్, పేరు రాయొద్దని ఆవిడే అడిగారు. అలాంటి చోటును ఎలా వెతుక్కోవాలో మాత్రం చెప్తాను.

ముందు నా సంగతి. 2024 ఎండాకాలంలో ఇక్కడ బోర్లు ఎండిపోయి మేమంతా ట్యాంకర్ల మీద బతికిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ట్యాంకర్ అతనికి ఫోన్ చేసేదాన్ని, అతను ఎత్తకపోతే ఇక బుర్రలో వరసగా ఒకటే పరుగు, నీళ్ళు రావు, పిల్లలు ఖాళీ చేసేస్తారు, బిల్డింగ్ అద్దె కట్టలేను, అప్పులతో ఊరికి పోవాల్సిందే, అందరూ నవ్వుతారు. తర్వాత వానలు పడ్డాయి, బోరులో నీళ్ళొచ్చాయి, నా బుర్ర మాత్రం నాలుగింటికి లేవడం మానలేదు. నీళ్ళ దిగులు పోతే ఇంకో దిగులు వచ్చి కూర్చునేది. తిరుపతి హాస్టల్లో ఉన్న మా అబ్బాయి ఫోన్ ఎత్తకపోతే యాక్సిడెంటే. ఒక అమ్మాయి రూమ్ ఖాళీ చేస్తే నా మీద కోపంతోనే. మా ఆయన "ఊరికే ఎందుకు భయపడతావు" అనేవాడు. ఆ మాట వింటే ఇంకా ఒంటరిగా అనిపించేది.

మొదట వెళ్ళింది ఇక్కడికి కాదు, ఒక వీకెండ్ వర్క్‌షాప్‌కు. హోటల్ హాల్లో రెండు రోజులు, 6,500 రూపాయలు, 21 రోజుల్లో మీ మెదడును రీప్రోగ్రామ్ చేస్తామన్నారు. పొద్దున్నే అద్దం ముందు నిలబడి "నాకంతా మంచే జరుగుతుంది" అని వందసార్లు అనాలి, చెడు ఆలోచన వస్తే వెంటనే "క్యాన్సిల్, క్యాన్సిల్" అని తోసేయాలి. మందు తాగేటప్పుడు కోతిని తలచుకోవద్దంటే ఏమవుతుందో మన పెద్దవాళ్ళకు ఎప్పుడో తెలుసు. ఎంత తోస్తే అంత ఎక్కువగా వచ్చేవి ఆలోచనలు, పైగా 21 రోజులైనా తగ్గలేదంటే లోపం నాలోనే ఉందన్న కొత్త దిగులు ఒకటి తోడైంది. అది నాకు నిజంగా చాలా కోపం తెప్పించిన విషయం. మనిషి బాగుపడదామని వెళ్తే ఇంకా కుంగదీసి పంపడమేమిటి?

మా పీజీలో ఉండే ఒక నర్సమ్మాయి చెప్తే ఈ సెంటర్‌కు వెళ్ళాను. సి.వి. రామన్ నగర్ వైపు, మందుల షాపు పైన మొదటి అంతస్తు. మేడమ్‌ది కర్నూలు, ఇక్కడే చదివారట. మొదటి రోజే థైరాయిడ్, బి12 టెస్టులు చేయించుకుని రమ్మన్నారు, శరీరంలో ఏదైనా ఉంటే ముందు అది తేలాలి కదా అని. ఆ ఒక్క మాటతో నాకు నమ్మకం కలిగింది.

రెండో సెషన్లో జరిగింది చెప్తాను. "ఈ వారం ఎప్పుడైనా గుబులు పుట్టిందా?" అని అడిగారు. అబ్బాయి ఫోన్ ఎత్తకపోతే బాగా టెన్షన్ వచ్చిందన్నాను. "టెన్షన్ వచ్చింది సరే, దానికంటే ముందు మీ లోపల ఒక మాట వచ్చి ఉంటుందమ్మా. ఏం మాట వచ్చింది? అచ్చంగా ఎలా వచ్చిందో అలాగే చెప్పండి." నేను చాలాసేపు ఆలోచించాను. ఆవిడ గడియారం చూడకుండా కూర్చున్నారు. చివరికి దొరికింది: "నాకు తెలుసులే, ఇట్ల అవుతుందని." చెప్తుంటేనే ఒళ్ళు జలదరించింది. అది మా అమ్మ మాట, చిన్నప్పటి నుంచి ఇంట్లో వింటూ పెరిగిన మాట, అంత వేగంగా వచ్చి వెళ్ళిపోతుంది కాబట్టి అది ఒక ఆలోచన అని కూడా నాకు ఎప్పుడూ తోచలేదు. అంతకుముందు ఒక యాప్‌లో ఇంగ్లీషు కౌన్సెలర్‌తో రెండుసార్లు మాట్లాడాను, ఆవిడ మంచావిడే, కానీ ఇంగ్లీషులో చెప్తుంటే ఎవరి గురించో చెప్తున్నట్టు ఉండేది. నా భయం తెలుగులో వస్తుంది, అదీ మదనపల్లె తెలుగులో. దాన్ని పట్టుకోవాలన్నా ఆ మాటల్లోనే పట్టుకోవాలి. మీ భాషలో మాట్లాడే మనిషి దొరికితే మూడు వారాలు కాదు, ఆరు వారాలైనా ఆగండి.

ఈ పద్ధతిని కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అంటారు, అందరూ సీబీటీ అంటారు. 1960లలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు మొదలుపెట్టారు. తన దగ్గరికొచ్చే డిప్రెషన్ పేషెంట్లు పైకి ఒకటి చెప్తూ ఉంటే లోపల ఇంకో ఆలోచన చకచకా నడుస్తోందని, అది తప్పో ఒప్పో చూసుకోకుండానే వాళ్ళు నమ్మేస్తున్నారని ఆయన గమనించారు. వాటికి ఆటోమేటిక్ ఆలోచనలు అని పేరు పెట్టారు. నూరేళ్ళు బతికి 2021లో పోయారు. ఇంత దూరంలో, ఇంత కాలం తర్వాత ఆయన గమనించిన విషయం నా పీజీ ఆఫీసు గదిలో నాకు పనికొచ్చిందంటే ఆ మనిషికి దండం పెట్టాలనిపిస్తుంది.

నేను ఒకరోజు మేడమ్‌తో వాదించాను కూడా. కీడెంచి మేలెంచమన్నారు కదా మేడమ్, ముందే కీడు ఆలోచించుకుంటే తప్పేంటి అని. ఆవిడ, "తప్పేం లేదు, మరి మేలు ఎప్పుడు ఎంచారు? మీరు సామెతలో సగం దగ్గరే ఆగిపోతున్నారమ్మా" అన్నారు. ఆ రోజు ఇంటికొచ్చేటప్పుడు బస్సులో కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఇక అసలు పని రిజిస్టర్. పీజీలో అడ్వాన్సులు రాసే పొడుగు పుస్తకం లాంటిదే ఇంకోటి కొనుక్కుని గళ్ళు గీసుకున్నాను. ఏం జరిగింది, ఏ మాట వచ్చింది, దాన్ని వందకు ఎంత నమ్మాను, అది నిజమనడానికి సాక్ష్యం, కాదనడానికి సాక్ష్యం, ఇప్పుడు ఎంత నమ్ముతున్నాను. వాళ్ళిచ్చిన ఫారాలు ఇంగ్లీషులో ఉన్నాయి, నాకు నచ్చలేదు, అందుకే సొంతంగా గీసుకున్నాను.

నవంబర్లో ఒక శుక్రవారం రాత్రి 11:40. రెండో అంతస్తు అమ్మాయి ఇంకా రాలేదు, ఫోన్ స్విచాఫ్. మేము గేటు 11కి మూస్తాం. చేతులు చల్లబడిపోయాయి. రిజిస్టర్ తీసి గేటు దగ్గర లైటు కింద కూర్చుని రాశాను. వచ్చిన మాట: "పిల్లకు ఏదో అయిపోయింది, వాళ్ళ నాన్నకు నేనేం సమాధానం చెప్పాలి." నమ్మకం 90. నిజమనడానికి సాక్ష్యం: ఫోన్ కలవట్లేదు, టైము దాటింది. కాదనడానికి: ఈ నెలలోనే రెండుసార్లు క్యాబ్ ఆలస్యమైంది. శుక్రవారం. ఇక్కడ పెన్ను ఆగింది, ఇంకేమైనా ఉందా అని ఆలోచిస్తే పొద్దున ఆ అమ్మాయి కిందికొచ్చి, "ఆంటీ, నా ఛార్జర్ పాడైపోయింది, మీది ఒక్క పది నిమిషాలు ఇస్తారా" అని అడగడం గుర్తొచ్చింది. రాయకపోతే ఆ విషయం నాకు చచ్చినా గుర్తొచ్చేది కాదు. నమ్మకం 50కి దిగింది. సున్నా కాలేదు, 50 అంటే అదీ దిగులే, కానీ 50లో చేతులు పనిచేస్తాయి. రూమ్మేట్‌ను లేపి అడిగాను, టీమ్ డిన్నర్ అని చెప్పింది. 12:10కి ఆ అమ్మాయి వచ్చేసింది. నేను రాసినా రాయకపోయినా తను వచ్చేదే, కానీ అంతకుముందు ఏడాది ఇలాంటి రాత్రే ఇంకో అమ్మాయి వాళ్ళ నాన్నకు ఫోన్ చేసి ఆ పెద్దాయన్ను అర్ధరాత్రి హడలగొట్టాను. ఈసారి ఎవరికీ నిద్ర పాడు కాలేదు.

ఇంకోటి కూడా చేయించారు, నాకైతే అన్నిటికంటే కష్టమైనది అదే. ఖాళీ చేసి వెళ్ళిన ముగ్గురు అమ్మాయిలకు మెసేజ్ పెట్టి, ఎందుకు వెళ్ళారో అడగమన్నారు. అడిగే ముందే, వాళ్ళు ఏమంటారని నేను అనుకుంటున్నానో రాసిపెట్టాలి. ముగ్గురూ నన్నే తిడతారని రాశాను. ఒకమ్మాయికి ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీకి మారిందట, ఒకమ్మాయికి పెళ్ళి కుదిరిందట, మూడో అమ్మాయి మాత్రం గీజర్ నెల రోజులు రిపేరు చేయించలేదని నిజంగానే కోపంగా చెప్పింది. ఆ కోపం న్యాయమైనదే, గీజర్ మార్పించాను, తనకు సారీ చెప్పాను. మంచే ఆలోచించు అని ఇక్కడ ఎవరూ చెప్పరు, ఉన్నది ఉన్నట్టు చూడమంటారు. ఉన్నదాంట్లో చెడు కూడా ఉంటే దాన్ని బాగుచేసుకోవచ్చు, లేని చెడును ఎవరు బాగుచేయగలరు?

నాలుగింటి మెలకువకు వేరే మందు. రోజూ సాయంత్రం అయిదింటికి 20 నిమిషాలు దిగులు టైము పెట్టించారు. తెల్లవారుజామున ఏదైనా వస్తే తోసేయకుండా ఒక్క ముక్క రాసుకుని, సాయంత్రం చూద్దాం అని పక్కన పెట్టడం. అయిదింటికి చీటీ చూస్తే సగం వాటికి విలువే ఉండేది కాదు. ఇది నాకు అన్నిటికంటే త్వరగా పనిచేసిన చిట్కా, మా ఆయన కూడా ఇప్పుడు చీటీలు రాస్తున్నాడు.

మెదడు మారుతుందా నిజంగా అని మేడమ్‌ను చాలాసార్లు అడిగాను. లండన్ టాక్సీ డ్రైవర్ల సంగతి చెప్పారు. ఆ ఊళ్ళో లైసెన్సు రావాలంటే వేల వీధులు కంఠతా పట్టాలి, ఏళ్ళు పడుతుంది. ఎలినార్ మగ్వైర్ అనే శాస్త్రవేత్త వాళ్ళ మెదడు స్కాన్లు తీసి, దారులు గుర్తుపెట్టుకునే హిప్పోక్యాంపస్ వెనుక భాగం వాళ్ళలో పెద్దదిగా ఉందని 2000లో చూపించారు. పుట్టుకతోనే అలా ఉన్నవాళ్ళు డ్రైవర్లయ్యారేమో అన్న అనుమానం తీరడానికి తర్వాత నేర్చుకునేవాళ్ళనే మొదటి నుంచీ గమనించారు, ఏళ్ళు చదివి పాసైనవాళ్ళ మెదడులోనే మార్పు కనిపించింది. అంటే పెద్దవాళ్ళలోనూ మెదడు సాధనతో మారుతుంది, కానీ సాధన చేసినవాళ్ళకే. 21 రోజుల లెక్క ఎక్కడిదో కూడా చెప్పారు. 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, తన పేషెంట్లు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశారట, అందులో "కనీసం" అన్న మాట రానురాను ఎగిరిపోయింది. లండన్‌లో 96 మందిని పెట్టి చూస్తే ఒక చిన్న అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18, ఇంకొందరికి 254 దాకా. అది విన్నాక ఆ వర్క్‌షాప్ నా మీద పెట్టి పంపిన బరువు దిగిపోయింది. నాకు తేడా తెలిసింది తొమ్మిదో వారంలో. ఒక రోజు లేచేసరికి ఆరున్నరైంది, వంటమనిషి కాఫీ తెచ్చి నిలబడి ఉంది.

బాగాలేనివి కూడా చెప్పాలి. గది గోడలు పలచన, బయట ఎదురుచూసేవాళ్ళకు మాటలు వినపడతాయేమోనని మొదట్లో గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని. రెండుసార్లు అపాయింట్‌మెంట్ ముందురోజు సాయంత్రం మార్చారు. సెషన్ 50 నిమిషాలు, 1,500 రూపాయలు, మొదటి ఎనిమిది వారానికొకటి, తర్వాత నాలుగు రెండు వారాలకొకటి, మొత్తం 18,000 అయింది. మధ్యతరగతికి చిన్న మొత్తం కాదు. నా లెక్కలో పెట్టిన ప్రతి రూపాయికీ విలువ వచ్చింది, కానీ వారానికి 1,500 పెట్టలేనివాళ్ళు ఆగిపోకండి, హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది, చాలా తక్కువ ఖర్చులో చూస్తారు, పొద్దున్నే వెళ్ళాలి. టెలిమానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 14416 నంబరు, 2022 నుంచి ఉంది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తున్నవాళ్ళు రిజిస్టర్లు, చిట్కాలు అన్నీ పక్కన పెట్టి ఈరోజే ఆ నంబరుకు చేయండి, లేదా నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. మందులు అవసరమైనవాళ్ళు ఉంటారు, అందులో సిగ్గేమీ లేదు, మా మేడమ్ దగ్గర నాతోపాటు వచ్చే ఒకావిడను సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు, మందులూ థెరపీ రెండూ కలిసి నడిచాయి.

వెతుక్కునేటప్పుడు క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకునేవాళ్ళ ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, అడిగితే నిజమైనవాళ్ళు నొచ్చుకోరు. సీబీటీ చేస్తారా, ఇంటికి రాతపని ఇస్తారా, తెలుగులో మాట్లాడతారా అని ఫోన్‌లోనే అడిగేయండి. రోజుల లెక్కతో గ్యారంటీ ఇస్తే ఫోన్ పెట్టేయండి.

నా రేటింగ్ 5కి 4. ఒకటి తగ్గించింది గోడలకు, మారిన అపాయింట్‌మెంట్లకు. శనివారం అయితే సురంజన్‌దాస్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతారు, మంగళ, బుధవారాల్లో పొద్దున పదింటి స్లాట్ అడగండి. లిఫ్ట్ లేదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఆన్‌లైన్‌లో కూడా చేస్తారు.