పేజర్ ఉన్న ఇంట్లో పిల్లలు: ఫైర్ కంపెనీ మేలా, ఫస్ట్ ఎయిడ్ స్క్వాడ్ మేలా?

న్యూజెర్సీలో చాలా ఊళ్లలో ఇల్లు అంటుకున్నా, ఎవరైనా కుప్పకూలినా ముందుగా వచ్చేవాళ్లు జీతం లేని మనుషులు. పగలంతా బ్యాంకులోనో బడిలోనో ఐటీ కంపెనీలోనో పనిచేసుకుని, రాత్రి పేజర్ మోగితే పక్క మీద నుంచి లేచి వెళ్తారు. 108కి ఫోన్ చేస్తే ఉద్యోగులున్న బండి రావడం చూసిన మనకు ఇది మొదట్లో నమ్మశక్యంగా ఉండదు. నేనూ ఇక్కడికొచ్చిన కొత్తలో అంబులెన్స్‌లో వచ్చినవాళ్లంతా ప్రభుత్వోద్యోగులే అనుకునేదాన్ని.

మా ఇంట్లో ఇప్పుడు రెండూ ఉన్నాయి. మావారు ఊరి వాలంటీర్ ఫైర్ కంపెనీలో, అంటే మంటలార్పే బృందంలో సభ్యులు. నేను అంబులెన్స్ నడిపే ఫస్ట్ ఎయిడ్ స్క్వాడ్‌లో ఈఎంటీని, అంటే ప్రథమ చికిత్స చేస్తూ రోగిని హాస్పిటల్‌కు చేర్చే మనిషిని. పెద్దదానికి పదిహేను, చిన్నవాడికి పది. గుడిలోనో పుట్టినరోజు విందుల్లోనో కలిసిన తెలుగువాళ్లు అడుగుతుంటారు: "మాకూ చేరాలని ఉందండీ, కానీ చిన్నపిల్లలున్నారు. రెండింట్లో ఏది మేలు?" నా జవాబు ముందే చెప్పేస్తాను. పిల్లలు పదేళ్లలోపు వాళ్లయి, ఇంట్లో ఒక్కరికే వీలైతే స్క్వాడ్. పిల్లలు కాస్త ఎదిగి, వాళ్లకీ తమదంటూ ఒక చోటు కావాలంటే ఫైర్ హౌస్. ఎందుకో చెప్తాను.

రెండూ ఒక్కలాంటివే అనుకుంటారు గానీ పుట్టుకే వేరు. ఫైర్ కంపెనీల సంప్రదాయం చాలా పాతది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టింది 1736లో. మా స్క్వాడ్ లాంటి వాలంటీర్ రెస్క్యూ స్క్వాడ్‌ల వయసు ఇంకా నూరేళ్లు కూడా లేదు. వర్జీనియాలోని రోనోక్‌లో జూలియన్ వైజ్ అనే ఆయన 1928లో మొదలుపెట్టారు. చిన్నప్పుడు ఇద్దరు మనుషులు నదిలో మునిగిపోతుంటే గట్టు మీద జనం ఏమీ చేయలేక నిలబడి చూడటం ఆయన కళ్లారా చూశారు. ఆ దృశ్యమే ఆయన్ని వదల్లేదు. ఈ తేడా ఇప్పటికీ కనిపిస్తుంది. ఫైర్ కంపెనీలో తాత, తండ్రి, మనవడు ఒకే హెల్మెట్ నంబరు కోసం ఆరాటపడే ఇళ్లున్నాయి. స్క్వాడ్‌లో ఎక్కువమంది సొంతంగా నడిచొచ్చినవాళ్లే. మనలాంటి కొత్తవాళ్లకు అక్కడ చోటు తొందరగా దొరుకుతుంది.

పిల్లల వైపు నుంచి చూస్తే అన్నిటికంటే పెద్ద తేడా టైము దగ్గర ఉంది. మా స్క్వాడ్‌లో డ్యూటీ రాత్రులు ముందే రాసి పెడతారు. నాది మంగళవారం, సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా. చిన్నవాడికి అయిదేళ్లప్పుడే "మంగళవారం అమ్మ డ్యూటీ, నాన్న పప్పన్నం" అని తెలుసు. ఆ రాత్రి అమ్మ లేచి వెళ్లినా వాడికి భయం లేదు, అది వారంలో ఒక రోజు జరిగే పని. ఫైర్ అలా కాదు. టోన్లు, అంటే పేజర్‌లో వచ్చే పిలుపు మోతలు, ఎప్పుడు పడితే అప్పుడు పడతాయి, వీలున్నవాళ్లంతా వెళ్లాలి. స్కూల్లో పాప వీణ కచేరీ, వరలక్ష్మీ వ్రతం, ఆదివారం దోసెల పెనం ముందు నిలబడ్డ క్షణం, ఏదీ లెక్కలోకి రాదు. మా పిల్లలకు ఇదంతా ఎంత అలవాటైపోయిందంటే, టోను వినగానే పెద్దది కుర్చీ పక్కకు లాగి దారి ఇస్తుంది, చిన్నవాడు కారు తాళాలు తెచ్చి వాళ్ల నాన్న చేతిలో పెడతాడు. ఎవరూ నేర్పలేదు. చూసేవాళ్లకు ముచ్చటగానే ఉంటుంది. కానీ చెప్పిన మాట మధ్యలో ఆగిపోవడం, అడిగిన ప్రశ్నకు జవాబు రేపు రావడం ఆ పిల్లలకు మామూలైపోతుంది. నాలుగేళ్ల పిల్లకు అది మామూలు కాకూడదని నా అభిప్రాయం.

పైగా కాల్స్ తగ్గట్లేదు. అమెరికా మొత్తం మీద 1984లో వాలంటీర్ ఫైర్‌ఫైటర్లు దాదాపు 9 లక్షలమంది ఉండేవారు, 2020 నాటికి 6,77,000 దగ్గరికి పడిపోయారు. అదే కాలంలో కాల్స్ మూడింతలయ్యాయి. తక్కువ మంది, ఎక్కువ కాల్స్. అంటే ఉన్నవాళ్ల ఇళ్లలో పేజర్ ఇంకా ఎక్కువ మోగుతుంది.

ప్రమాదం మాటకొస్తే మనవాళ్లంతా మంటల గురించే అడుగుతారు. అసలు భయపడాల్సింది గుండె గురించి. అమెరికాలో డ్యూటీలో చనిపోయే ఫైర్‌ఫైటర్లలో ఎక్కువమంది ప్రాణం తీసేది గుండెపోటు. గాఢనిద్రలో ఉన్న మనిషి రెండు నిమిషాల్లో లేచి, గాలి సిలిండర్‌తో కలిపి ఇరవై కిలోలకు పైనుండే గేర్ వేసుకుని, నిచ్చెన ఎక్కి గొట్టం లాగాలి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే నలభై ఏళ్ల శరీరం మీద అదెంత భారమో ఊహించండి. దక్షిణాసియా వాళ్లకు గుండెజబ్బు మిగతావాళ్ల కంటే చిన్న వయసులో వస్తుందన్నది డాక్టర్లు ఎప్పటినుంచో చెప్తున్నదే. అందుకే మావారు చేరేటప్పుడు కంపెనీ అడిగిన పరీక్షలతో ఆగకుండా ట్రెడ్‌మిల్ టెస్టు కూడా చేయించాను. తెలుగు నాన్నలెవరైనా ఫైర్ కంపెనీ దరఖాస్తు తీసుకుంటే, దాని కంటే ముందు కార్డియాలజిస్టు అపాయింట్‌మెంట్ తీసుకోమని చేతులు పట్టుకుని చెప్తాను.

రెండోది పొగ. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో ఫైర్‌ఫైటర్ల పనిని మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. మూత్రాశయ క్యాన్సర్‌కు, ఊపిరితిత్తుల పొరకు వచ్చే మెసోథీలియోమా అనే క్యాన్సర్‌కు సాక్ష్యం గట్టిగా ఉందని తేల్చింది. ఇది నేరుగా పిల్లల దాకా వచ్చే విషయం. పాతతరం ఫైర్ కుటుంబాల్లో పెరిగినవాళ్లను అడగండి, నాన్న కోటు పొగవాసన గురించి ఎంతో ప్రేమగా చెప్తారు. ఆ మసి పట్టిన కోటు వేసుకుని ఫొటోలు దిగిన పిల్లలెందరో. ఇప్పటి సోఫాలు, కార్పెట్లు, టీవీలు కాలితే వచ్చే మసి ముట్టుకోవాల్సిన వస్తువే కాదు. మా ఇంట్లో నియమం ఒకటే: గేర్ ఫైర్ హౌస్‌లోనే ఉండాలి, కారులోకి కూడా రాకూడదు. మంటల కాల్ నుంచి వచ్చిన మనిషి అక్కడే చేతులు, మెడ, ముఖం తుడుచుకుని, ఇంటికొచ్చాక ముందు స్నానం చేయాలి. పిల్లలు ఎంత ఎదురొచ్చినా ముద్దులు తర్వాతే.

స్క్వాడ్‌లో ప్రమాదం లేదనను. బరువైన మనిషిని మూడో అంతస్తు నుంచి మెట్ల మీదుగా దింపితే నడుము పట్టేస్తుంది. సూది గుచ్చుకునే భయం ఉంది, తాగిన మైకంలో చేయి చేసుకునేవాళ్లున్నారు. కోవిడ్ వచ్చిన 2020 వసంతం న్యూజెర్సీలో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. ఆ రోజుల్లో ప్రతి రెండో కాల్ ఊపిరందని మనిషిదేనా అనిపించేది. మాస్కులు కడుక్కుని మళ్లీ వాడాం. నేను గ్యారేజీలో బట్టలు మార్చుకుని బేస్‌మెంట్‌లో పడుకునేదాన్ని, చిన్నవాడు మెట్ల పైన కూర్చుని కబుర్లు చెప్పేవాడు. ఆ మూడు నెలల్లో ఫైర్ కంటే స్క్వాడే ఇంటికి ప్రమాదం తెచ్చిందనడంలో నాకు సందేహం లేదు. అయినా ఏళ్ల తరబడి లెక్కేసుకుంటే శరీరానికి తగిలే దెబ్బ స్క్వాడ్‌లోనే తక్కువ.

మనసుకు తగిలేది మాత్రం వేరే లెక్క. ఇక్కడ ఫైర్ వైపే మొగ్గుతాను. మావారు కాల్ నుంచి వస్తే పిల్లలకు కథ వస్తుంది. ఏ వీధి, ఎన్ని ఇంజిన్లు వచ్చాయి, పిల్లిని ఎవరు దింపారు, గ్యాస్ వాసనని పిలిస్తే చివరికి కుళ్లిన బంగాళాదుంపలని తేలడం... అన్నం తింటూ అందరం నవ్వుకుంటాం. నేను వచ్చాక అలా ఉండదు.

"అమ్మా, ఎవరికేమైంది?"

"చెప్పకూడదు నాన్నా."

"బాగున్నారా?"

"హాస్పిటల్లో చూసుకుంటున్నారు. నువ్వు పాలు తాగు."

రోగి వివరాలు బయటపెట్టకూడదన్నది చట్టం, చట్టం లేకపోయినా మర్యాద. చిన్న ఊరు కావడంతో వెళ్లింది వాళ్ల క్లాసు పిల్ల ఇంటికే కావచ్చు. మర్నాడు బడిలో ఆ పిల్ల రాకపోతే మావాడికి అర్థమవుతుంది, నా ముఖం చూస్తాడు, నేను లంచ్ బాక్స్ సర్దుతూనే ఉంటాను. అమ్మ ఏదో మోస్తోందని తెలిసి కూడా అదేమిటో అడగకూడని ఇంట్లో పెరగడం పిల్లలకు తేలిక కాదు. దీనికి నేను పట్టుకున్న దారి ఒకటుంది: జరిగింది చెప్పను, నాకెలా ఉందో చెప్తాను. "ఇవాళ కష్టమైన కాల్ వచ్చింది, నాకు దిగులుగా ఉంది, కాసేపు నా పక్కన కూర్చో" అంటే పదేళ్లవాడికి చాలు. స్క్వాడ్‌లో చేరేవాళ్లు సీపీఆర్‌తో (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కే చికిత్స) పాటు ఇది కూడా నేర్చుకోవాలి. ఏ క్లాసులోనూ చెప్పరు.

మన ఇళ్ల సంగతి కూడా చెప్పాలి. ఫలానా ఇంట్లో అని కాదు, ఇక్కడి తెలుగిళ్లలో తరచూ ఎదురయ్యేదే. ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చిన పెద్దాయన చెమటలు కక్కుతూ సోఫాలో కూర్చుని "గ్యాస్ పట్టింది, అంతే" అంటుంటారు. ఇన్సూరెన్స్ కవర్ చేస్తుందో లేదో, కొడుక్కి ఎంత ఖర్చవుతుందోనని ఆయన బెంగ. యూనిఫాం వేసుకున్న మనిషి "బాబాయిగారూ, ఎడమ చెయ్యి లాగుతోందా? ఎప్పటినుంచి?" అని పక్కన మోకాళ్ల మీద కూర్చుంటే, సాయంత్రం నుంచీ ఉన్న నొప్పి అప్పుడు బయటపడుతుంది. పారామెడిక్కులు, అంటే ఈఎంటీల కంటే ఎక్కువ శిక్షణ ఉన్నవాళ్లు, ఇక్కడ హాస్పిటల్ నుంచి వేరే బండిలో వస్తారు. వాళ్లు వచ్చేలోపు ఆ మాట రాబట్టడం చిన్న విషయం కాదు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ఊళ్లలో ప్రతి స్క్వాడ్‌లో ఒక్క తెలుగు ఈఎంటీ అయినా ఉండాలని నాకు గట్టిగా ఉంది.

ఊరితో కలిసిపోయే విషయంలో ఫైర్ హౌస్‌కు సాటి లేదు. స్క్వాడ్ భవనంలో నాలుగు కుర్చీలు, ఒక మైక్రోవేవ్ ఉంటాయి, డ్యూటీ అయితే ఎవరి దారి వాళ్లది. ఫైర్ హౌస్‌లో ఆదివారం పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్, డిసెంబర్‌లో ఇంజిన్ ఎక్కి వచ్చే శాంటా, మెమోరియల్ డే పరేడ్. కొత్త ఇంజిన్ కొంటే వెట్‌డౌన్ అని చేస్తారు. చుట్టుపక్కల ఊళ్ల ఇంజిన్లన్నీ వచ్చి దాని మీద నీళ్లు చిమ్ముతాయి, తర్వాత అందరూ కలిసి దాన్ని చేతులతో నెట్టుకుంటూ లోపలికి తీసుకెళ్తారు. మా చిన్నవాడు దాన్ని చూసి, మనం కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినట్టే ఉందన్నాడు. ఆ రోజు మావాళ్లకు ఎనభై ఏళ్ల మాజీ చీఫ్ నుంచి నెలల పాప దాకా అందరూ బంధువులే. తాతయ్యలు, అమ్మమ్మలు వేల మైళ్ల దూరంలో ఉన్న పిల్లలకు ఇదెంత పెద్ద ఆస్తో విడిగా చెప్పనక్కర్లేదు. దీపావళి రాత్రి మా కాల్స్ వాళ్లు చూసుకుంటారు, క్రిస్మస్ ముందురోజు రాత్రి నేనో మావారో వాళ్ల బదులు వెళ్తాం.

పిల్లలు ఏం నేర్చుకుంటారన్నది కూడా చూడాలి. ఈఎంటీ ఇంట్లో పెరిగిన పిల్లలకు పనికొచ్చే విద్య తొందరగా వస్తుంది. మా ఇద్దరికీ 911కి ఫోన్ చేసి ముందు అడ్రసు చెప్పాలని తెలుసు, రక్తం కారితే గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి వదలకూడదని తెలుసు. ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు నొక్కాలని పెద్దది బొమ్మ మీద చేసి చూపిస్తుంది. ఫైర్ ఇంట్లో నేర్చుకునేది నిద్రపోయేటప్పుడు గది తలుపు వేసుకోవడం, పొగలో నేల మీద పాకడం, బయటపడ్డాక అందరం చేరాల్సిన చోటు. మాకది ముందున్న మేపుల్ చెట్టు. రెండూ కావాల్సినవే. మెడిసిన్ కాలేజీ దరఖాస్తులో పనికొస్తుందని మాత్రమే పిల్లల్ని స్క్వాడ్‌కు తోసే తల్లిదండ్రులను చూస్తుంటాను. అలా వచ్చిన పిల్లలు అడ్మిషన్ రాగానే మానేస్తారు. ఆ రాత్రి డ్యూటీ ఖాళీ అవుతుంది, పక్క ఊరి బండి వచ్చేదాకా రోగి ఎదురుచూడాలి.

ఇద్దరూ చేరడం గురించి ఒక్క మాట. తల్లిదండ్రులిద్దరూ ఒకే రాత్రి కాల్‌లో ఉండకూడదు. పెద్ద కారు ప్రమాదం జరిగితే ఫైర్‌కూ స్క్వాడ్‌కూ ఒకేసారి టోన్లు పడతాయి. అందుకే నా మంగళవారం రాత్రి మావారి పేజర్ మోగినా ఆయన కదలరు. ఈ పట్టింపు చూసి మొదట్లో చీఫ్ కాస్త మొహం మాడ్చినా, తర్వాత అర్థం చేసుకున్నారు. ఇంట్లో అత్తగారో అమ్మో ఉన్నప్పుడు మాత్రమే ఈ నియమం సడలిస్తాం.

పెద్దది వచ్చే ఏడాది ఫైర్ కంపెనీలో జూనియర్‌గా చేరతానంటోంది. నేను స్క్వాడ్ క్యాడెట్ అవుతుందనుకున్నాను. జూనియర్లను మండుతున్న ఇంట్లోకి పంపరు. గొట్టాలు చుట్టడం, సిలిండర్లు మార్చడం, డ్రిల్ రాత్రి నిచ్చెనలు ఎత్తడం వాళ్ల పని, దానికీ తల్లిదండ్రుల సంతకం కావాలి. పద్దెనిమిది దాటాక లోపలికి వెళ్లాలా వద్దా అన్నది అప్పటి మాట. ఇప్పటికైతే సంతకం పెడతానని చెప్పాను. గేర్ ఇంటికి రాకూడదన్న నియమం తనకూ వర్తిస్తుందని కూడా చెప్పాను.