హెచ్‌ఎస్‌ఎస్ ముద్ర చూసి బౌల్ గౌజ్ కొనకండి (విజయవాడ)

లేత్ మీద చెక్క గిన్నెలు చేసే మనవాళ్ళందరికీ. వన్‌టౌన్‌లో పనిముట్లు కొనేవాళ్ళకి ఏ కొట్టో ఈపాటికి తెలిసే ఉంటుంది.

4,800 పోసి అరంగుళం బౌల్ గౌజ్ (గిన్నె తొలిచే ఉలి) తెచ్చాను. పిడి పక్కనే హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్, వేడెక్కినా తొందరగా మెత్తబడని ఉక్కు) అని గుద్ది ఉంది. మా చెల్లెలి గృహప్రవేశానికి 10 అంగుళాల మామిడి గిన్నె చేద్దామని.

బయటి వంపు ఎలాగో వచ్చింది. లోపల మాత్రం, ఉలి వాలు (పదును వెనకుండే ఏటవాలు భాగం) చెక్కకి ఆనించి అంచు నుంచి అడుగు దాకా ఒక్క ఊపున పోతేనే కదా నునుపు వచ్చేది! సగం దూరం పోకముందే పదును పోతోంది. పదును పోతే చెయ్యి నొక్కుద్ది, నొక్కితే వంపులో మెట్టు పడుద్ది. మళ్ళీ గ్రైండర్, మళ్ళీ రెండు నిమిషాలే. పోగు ఎదురొచ్చే రెండు చోట్లా పీచు లేచిపోయింది. చెయ్యి కుదరడం లేదనుకుని మూడు రాత్రులు కూర్చున్నాను. మెట్లు తీసీ తీసీ గోడ పలచబడి గిన్నె పగిలింది.

కొట్టుకెళ్ళి చెప్పాను. కొన్న రోజు "మాస్టారూ, కూర్చోండి" అన్న మనిషి, పది మంది ముందు "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ యవ్వారం" అన్నాడు. తల దించుకుని వచ్చేశాను. నిజమేననుకున్నాను, అదే ఇప్పటికీ మండుతోంది.

దారిలో ఆటోనగర్‌లో తెలిసిన లేత్ షాపులో చూపించాను. ఆయన ఉలి తోకని (పిడిలోకి దూరే కొసని) గ్రైండర్‌కి తాకించాడు. కాకరపువ్వొత్తిలా తెల్లగా చిటపటలాడుతూ రవ్వలు! తన హెచ్‌ఎస్‌ఎస్ బిట్ పెడితే మసక ఎరుపు రవ్వలు, అవీ కొన్నే. "ఇది మామూలు కార్బన్ స్టీల్ అన్నా. గ్రైండర్ మీద నీలం తిరిగిందా, మెత్తబడిపోద్ది" అన్నాడు. హెచ్‌ఎస్‌ఎస్ అనే నమ్మకంతో నీళ్ళలో ముంచకుండా రోజూ నీలం తెప్పించింది నేనే.

మళ్ళీ వెళ్తే 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' బోర్డు చూపించాడు. బిల్లు లేదు. "బిల్లయితే ట్యాక్స్ పడుద్ది" అంటే సరేనన్నది నేనే, బుద్ధి లేక. బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పే. ఫోన్‌పే రసీదు ఉంది, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను.

కొనేవాళ్ళు డబ్బు కట్టకముందే తోక వైపు గ్రైండర్‌కి పెట్టించి రవ్వలు చూడండి. ఒప్పుకోకపోతే వచ్చేయండి.