జాగ్రత్త: ఉభాల (వరి నాట్ల) ముందు కొత్త రంగేసుకుని దిగే పాత ట్రాక్టర్లు

మే నెల దాటేసరికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో హైవే పక్క షెడ్ల ముందు పాత ట్రాక్టర్లు వరసగా నిలబడతాయి. మాసీ 1035, మహీంద్రా 265, స్వరాజ్ 735 ఎక్కువ, అక్కడక్కడ ఫోర్డ్ 3600, హెచ్‌ఎంటీ. రంగు వాసన ఇంకా పోయుండదు. టైర్లకి నల్ల పాలిష్, బానెట్ మీద కొత్త స్టిక్కర్లు. తాళం తిప్పగానే స్టార్టవుతుంది. “ఇంజన్ చూసుకోండి బాబూ, మిగతాదంతా నా పూచీ” అంటాడు బ్రోకరు. అలా కొన్న బళ్లు దమ్ములో (నాట్లకి మడిని బురద చేసే దున్నకంలో) దిగిన వారం పది రోజులకే లిఫ్టు లేవక, గేరు నిలవక మిస్త్రీ షెడ్డుకొస్తున్నాయి. ఊరంతా ఉభాలు జరుగుతుంటే కొన్న బండి రెండు ముక్కలై షెడ్డులో ఉంటుంది, అద్దె ట్రాక్టరుకి గంటల లెక్కన కట్టుకునేది కొన్నవాళ్లే. బయానా ఇవ్వబోయేవాళ్లు ముందు ఇది చదవండి.

ఇంజన్ని అందరూ చూస్తారని అమ్మేవాడికి తెలుసు. అందుకే ఖర్చేదైనా పెడితే అక్కడే పెడతాడు. క్లచ్ దగ్గర్నుంచి వెనక చక్రం దాకా ఉన్న సగం బండిని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఇంజన్ బోరుకొచ్చిందనుకోండి (సిలిండర్ లోపల అరిగి రిపేరుకొచ్చిందనుకోండి), పిస్టన్లు, రింగులు, బేరింగులు రాజాంలోనో బొబ్బిలిలోనో నరసన్నపేటలోనో దొరుకుతాయి, చేసే చెయ్యి ప్రతి మండలంలోనూ ఉంది, ఎంతవుతుందో ముందే లెక్కేసుకోవచ్చు. వెనక హౌసింగ్ (పళ్లచక్రాలుండే పోత ఇనుప పెట్టె) చిట్లినా, లోపలి పెద్ద పళ్లచక్రం క్రౌన్ వీల్ పళ్లు పోయినా ఆ లెక్క విప్పాక గానీ ఎవరూ చెప్పలేరు. మా మాట ఏమిటంటే, పొగ కొడుతున్న ఇంజన్‌తో ధర తగ్గిన బండి కొనొచ్చు. వెనక భాగం పోయిన బండిని మాత్రం ఇంజన్ ఎంత బాగున్నా ముట్టుకోవద్దు.

ఎందుకంటే మన దగ్గర పాత ట్రాక్టరు రెండు రకాల చాకిరీల్లో ఒకటైనా చేసే ఉంటుంది. పల్లపు మడుల్లో దమ్ము, లేదంటే నాగావళి, వంశధార రేవుల్లో ఇసుక.

దమ్ములో జరిగేది ఇదీ. యాక్సిల్ మునిగేంత బురదలో బండి గంటల తరబడి తిరుగుతుంది. హౌసింగ్ వేడెక్కి ఉంటుంది. చల్లటి నీళ్లు తగలగానే లోపలి గాలి ముడుచుకుపోయి, అరిగిన ఆయిల్ సీళ్లలోంచీ, గాలి ఆడే చిన్న రంధ్రం బ్రీదర్లోంచీ బురద నీళ్లని లోపలికి లాగేసుకుంటుంది. మాసీ 1035 లాంటి బళ్లలో గేర్‌బాక్సుకీ, వెనక చక్రాలకి తిప్పుడు పంచే డిఫరెన్షియల్‌కీ, లిఫ్టుకీ ఒకటే ఆయిలు, లిఫ్టు పంపు ఆ ఆయిల్లోనే మునిగి ఉంటుంది. అంటే వెనక చక్రం సీలు పోతే చివరికి లిఫ్టు పోతుంది. పైగా దమ్ము చక్రాలు టైరుకి బయట బిగిస్తారు కాబట్టి బరువంతా యాక్సిల్ చివర పడి బేరింగులు వదులవుతాయి. గట్టు దగ్గర ఒక పక్క బ్రేకు తొక్కి గిర్రున తిప్పే అలవాటు డిఫరెన్షియల్ లోపలి చిన్న పళ్లచక్రాలని తినేస్తుంది.

చూడాల్సిన పద్ధతి: బండి రాత్రంతా కదలకుండా ఉన్నాక, పొద్దున్నే, స్టార్టు చేయకముందు. గేర్‌బాక్సు డ్రైన్ ప్లగ్ వదులు చేసి మొదటి గ్లాసుడు ఆయిలు పారదర్శకమైన సీసాలో పట్టండి. ఆయిలు కన్నా నీరు బరువు కాబట్టి ముందు నీరే వస్తుంది. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపల నీళ్లు కలిసి తిరిగాయని అర్థం. ఆయిలు మరీ తేటగా, నిన్న పోసినట్టు ఉంటే ఇంకా అనుమానించాలి. అప్పుడు ప్లగ్ లోపలి అంచుని వేలితో తుడవండి. బూడిద రంగు మెత్తటి పేస్టు మామూలు అరుగుదల. చేతికి గుచ్చుకునే ఇనుప ముక్కలు, మెరిసే పలుకులు ఉంటే పళ్లు రాలుతున్నాయి. ఆ ప్లగ్ విప్పనివ్వనన్నవాడితో ఇక బేరం అక్కర్లేదు.

తర్వాత వెనక చక్రాలు ఒక్కొక్కటీ జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. లోపలికీ బయటికీ కదిలితే బేరింగో, సందు సరిచేసే పల్చటి రేకులు షిమ్ములో చూడాలి. బ్రేకు డ్రమ్ము మీద, చక్రం లోపలి వైపు ఆయిలు చార ఉందేమో చూడండి. కొత్త రంగు మీద కూడా రెండు రోజుల్లో ఆ చార మళ్లీ వస్తుంది, అందుకే రంగేసిన మర్నాడే బండి చూపించడానికి తొందరపడతారు.

లిఫ్టు విషయంలో మాయ ఎలా జరుగుతుందో తెలుసుకోండి. చల్లటి ఆయిలు చిక్కగా ఉంటుంది. అరిగిపోయిన పంపు కూడా చిక్కటి ఆయిలుతో తొమ్మిది నాగళ్ల కల్టివేటర్ని చక్కగా లేపేస్తుంది. అరగంట పని చేసి ఆయిలు పల్చబడ్డాక అదే పంపు చేతులెత్తేస్తుంది. కాబట్టి ఇంజన్ని చల్లగా చూడాలి, లిఫ్టుని వేడిగా చూడాలి. వాళ్లు చూపించేది సరిగ్గా తలకిందులు: మీరొచ్చే లోపు ఇంజన్ ఓసారి తిప్పి వేడి చేసి ఉంచుతారు, లిఫ్టు మాత్రం వచ్చీ రాగానే ఎత్తి చూపించేస్తారు.

బండిని గరువు (మెట్ట) నేలలోకి తీసుకెళ్లి కల్టివేటర్ దించి కనీసం అరగంట దున్నించండి. వచ్చాక ఇంజన్ తక్కువ స్పీడులో ఉంచి లిఫ్టుని పదిహేను ఇరవై సార్లు ఎత్తి దించండి. పూర్తిగా ఎత్తి ఆపినప్పుడు కల్టివేటర్ కొద్దికొద్దిగా దిగుతూ, మళ్లీ ఎగురుతూ తల ఊపుతుంటే లోపల ఎక్కడో ఆయిలు కారుతోంది. ఎత్తి ఉంచి ఇంజన్ ఆపేయండి. నిమిషం కూడా నిలవకుండా నేలకొస్తే సిలిండర్ సీలో రింగో కంట్రోల్ వాల్వో పోయినట్టే. ఎత్తి ఉన్న పనిముట్టు కింద చెయ్యి గానీ కాలు గానీ పెట్టకండి.

మాసీలో ఇంకొక్కటి. టాప్ లింక్ తగిలించే బ్రాకెట్ని రెండు చేతులా పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. దాని వెనక పెద్ద స్ప్రింగ్ ఉంటుంది. చేతికి ఆట తెలిసిందంటే స్ప్రింగ్ నట్టు వదులైంది, లేదా పిన్నులు అరిగాయి. అలాంటి బండి లోతుని పట్టుకోదు, నాగలి ఒకచోట తేలుతుంది, ఇంకోచోట దిగబడుతుంది.

ఇసుక బండి సంగతి వేరే. దాన్ని పగుళ్లు పట్టిస్తాయి. ఓవర్‌లోడ్ తొట్టితో రేవు గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచి దబ్బున పడతాయి. ఆ దెబ్బ ముందు యాక్సిల్ బ్రాకెట్ మీదా, ఇంజన్ - క్లచ్ హౌసింగ్ కలిసే చోటా పడుతుంది. వెనక హుక్కు బిగించే స్టడ్ల చుట్టూ మర పోయి ఆయిలు ఊరుతుంటుంది. ఈ మూడు చోట్లా రంగు మామూలుకన్నా మందంగా ఉందా చూడండి. ఒక చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి, పుట్టీ లేదా ఎమ్‌సీల్ ఉన్నచోట అది సరిగ్గా అతుక్కోదు. అనుమానమొచ్చిన చోట రంగు గీకించి, కిరసనాయిలు లేదా డీజిలు రాసి, పది నిమిషాలాగి పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే లోపలికి ఇంకిన నూనె పైకొచ్చి తెల్లటి పొడి మీద సన్నటి తడిగీత పడుతుంది. పోత ఇనుముకి వెల్డింగు పట్టించడం కష్టమైన పని. ముందే వేడి చేసి, తగిన రాడ్డుతో చేసి, నెమ్మదిగా చల్లార్చకపోతే పక్కనే ఇంకో పగులొస్తుంది. రోడ్డు పక్క వెల్డింగు షాపులో ఆ ఓపిక ఎవరికుంటుంది?

గేర్లు: ఏటవాలు రోడ్డు మీద దిగుతూ, ఒక్కో గేర్లో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేయండి. లివర్ తనంతట తను జారి న్యూట్రల్‌కొస్తే ఆ గేరు పళ్లు గానీ షిఫ్టర్ ఫోర్కు గానీ అరిగాయి. దమ్ముకి వాడే తక్కువ గేర్లు, రివర్సు తప్పకుండా చూడండి. రోడ్డు మీద చూపించేవాళ్లు పై గేరులోనే చూపిస్తారు. క్లచ్‌కి పై గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే ప్లేటు జారుతోంది, మార్చాలంటే బండిని రెండుగా విడదీయాలి.

ఇక ఇంజన్. వెళ్లగానే సైలెన్సర్ మొదట్లో చెయ్యి దగ్గర పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే మర్నాడు చెప్పకుండా వెళ్లండి. స్టార్టయ్యాక ఆయిలు పోసే మూత తీయండి. పల్చటి ఆవిరి పర్వాలేదు. పిస్టన్ కొట్టినప్పుడల్లా బుస్సుబుస్సుమని పొగ తన్నుకొస్తే రింగులు పోయాయి. నీలం పొగ ఆయిలు మండుతోందనడానికి గుర్తు, వేడెక్కాక కూడా తగ్గని తెల్ల పొగకి కంప్రెషన్ తగ్గడమో, నాజిల్సో, లోపలికి నీరు దిగడమో కారణం. లోడు మీద మాత్రమే కాస్త నల్లగా వస్తే భయపడక్కర్లేదు. ఆయిల్ ప్రెజర్ మీటరు వైరో పైపో పీకేసి ఉంటే మీ మిస్త్రీ దగ్గర మీటరు తీసుకెళ్లి బిగించండి. చిక్కటి గేర్ ఆయిలు కలిపి శబ్దం అణిచేసిన ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ప్రెజర్ చూపిస్తుంది, వేడెక్కి ఐడిల్లో ఉన్నప్పుడు ముల్లు సున్నా వైపు పడిపోతుంది.

డీజిల్ పంపు రోటరీ రకమైతే ఒక పరీక్ష తప్పనిసరి. బాగా దున్నించి, ఇంజన్ ఆపి, పది నిమిషాలాగి మళ్లీ స్టార్టు చేయండి. చల్లగా ఉన్నప్పుడు ఠక్కున లేచిన బండి వేడి మీద ఎంత తిప్పినా లేవకపోయి, పంపు మీద తడిగుడ్డ వేసి చల్లార్చాక లేచిందంటే పంపు హెడ్డు, రోటరు అరిగాయి. ఆ పంపుకి డీజిలే కందెన. కల్తీ డీజిలు, నీరు చేరిన డీజిలు దాన్ని తినేస్తాయి. “ఇంజన్ ఆపకండి బాబూ, బ్యాటరీ డౌనుంది” అని పదే పదే అంటుంటే కారణం చాలాసార్లు ఇదే.

పాత బళ్లన్నీ చెత్తేం కాదు, ఆ మాట కూడా చెప్పాలి. సెన్సార్లు లేవు, బరువున్న పోత ఇనుము, ఊళ్లో మిస్త్రీకి చేతిలో విద్య. మాసీ 1035కి సామాను దొరకని టౌను లేదు. స్వరాజ్ కంపెనీ 2007లో మహీంద్రా చేతికెళ్లింది, 735 పేరుతో బళ్లు ఇంకా వస్తున్నాయి కాబట్టి దానికీ సామాన్ల బెంగ లేదు. కొనే ముందు ఆ మోడల్ కొత్తదా పాతదా చూసుకుని సామాను అడిగితే చాలు. ఫోర్డ్ 3600 లాగుడు బాగుంటుంది గానీ ఆ ఇంజన్‌కి లైనర్లు (మార్చుకునే సిలిండర్ గొట్టాలు) ఉండవు, పిస్టన్ నేరుగా బ్లాకులోనే నడుస్తుంది. బోరుకొస్తే బ్లాకంతా లేత్‌షాపుకి మోసుకెళ్లి బోరింగు చేయించాలి, అప్పటికే రెండు మూడు సైజులు పెంచేసి ఉంటే స్లీవు వేయించాలి. హెచ్‌ఎంటీ జెటార్ బళ్లు మొండివే. వాటి లైనర్ల చుట్టూ నీరు తిరుగుతుంది, కింది రబ్బరు రింగులు పోతే ఆ నీరు ఇంజన్ ఆయిల్లోకి దిగుతుంది, కాబట్టి ఇంజన్ ఆయిలుండే కింది చాంబర్ ప్లగ్ కూడా పొద్దున్నే విప్పి చూడాలి. పింజోర్‌లోని హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగం మూసివేతకి కేంద్రం 2016లో ఆమోదం ఇచ్చింది, కంపెనీ సామాను మీద ఆశ పెట్టుకోకండి.

కవిటి, సోంపేట, భోగాపురం వైపు సముద్రపు గాలిలో పెరిగిన బళ్లకి మడ్‌గార్డులు, రిమ్ములు, వైరింగు లోపల్నుంచి తినేసి ఉంటాయి. రిమ్ము వాల్వు దగ్గర తుప్పు పొలుసులు గీకి చూడండి. టైరుకి కట్టలున్నాయా అన్నదానికన్నా తయారీ తేదీ ముఖ్యం. పక్కన నాలుగంకెలుంటాయి, 2314 అంటే 2014లో 23వ వారం. మీటరు గంటలు నమ్మొద్దు, కేబులు తెగాక ఎన్నాళ్లు తిరిగిందో దానికి తెలీదు. క్లచ్ పెడల్ ఎంత నున్నగా అరిగిందో, ముందు చక్రాలు తిరిగే కింగ్ పిన్నులు ఎంత ఊగుతున్నాయో చూస్తే అసలు వయసు తెలిసిపోతుంది.

కాగితాల దగ్గర పడే దెబ్బ ఇంకో రకం. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు మీ కళ్లతో చదివి ఆర్‌సీతో పోల్చండి. ఇంజన్ మార్చేసిన బళ్లు బోలెడు. ఆర్‌సీ 15 ఏళ్లకి ముగుస్తుంది, ఆ తర్వాత ఫారం 25 పెట్టి, బండి తనిఖీ చేయించి, ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. గడువు దాటిపోయిన బండి ఖర్చు ధరలోంచి తీసేయమనండి. ఫైనాన్సు ఉంటే అది తీరిందని ఆర్‌సీలో తీసేయించే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు కట్టొద్దు. పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి వచ్చే ఓడీ 20, ఓడీ 18 నంబర్ల బళ్లు చవగ్గా కనిపిస్తాయి. ఫారం 28 మీద అక్కడి ఆర్‌టీఓ ఎన్‌ఓసీ లేకుండా అవి మన ఏపీ నంబరుకి మారవు. ఇసుక కేసులో ఒకసారి సీజ్ అయిన బండి అయితే పోలీసు స్టేషన్లో బాండు ఏమైనా పెండింగుందా అని అమ్మేవాణ్ణే రాతపూర్వకంగా అడగండి.

“ఓపెన్ ఫారాలు ఇస్తాను, ఎప్పుడైనా మార్చుకోండి” అంటే ఒప్పుకోవద్దు. పేరు మార్పిడి ఫారాలు 29, 30 మీద సంతకాలు పెట్టించి అదే వారంలో ఆర్‌టీఓ ఆఫీసుకి ఇద్దరూ కలిసి వెళ్లండి. ఇది అమ్మేవాడికీ మంచిదే: రికార్డుల్లో ఎవరి పేరుంటే యాక్సిడెంటు పరిహారం వాళ్ల మెడకే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. తొట్టి కూడా బేరంలో ఉంటే దానికి వేరే రిజిస్ట్రేషన్ నంబరు, వేరే ఆర్‌సీ ఉంటాయి. బయానా చీటీలో ట్రాక్టరు నంబరు ఒక్కటే రాసి తొట్టిని నోటిమాటగా వదిలేయకండి.