ఉత్తరం చదివే అమ్మాయికి పటం కట్టించాను

కడపలో ఏడు రోడ్ల దగ్గరున్న ఈ పటాలు కట్టే షాపులో ఎక్కువగా దేవుడి పటాలు, పెళ్లి ఫోటోలే. నేను ఇచ్చింది డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన బొమ్మ. తెరిచిన కిటికీ దగ్గర ఉత్తరం చదువుకునే అమ్మాయి. 1650ల చివర్లో నెదర్లాండ్స్‌లో వేసింది, అసలుది జర్మనీలోని డ్రెస్డెన్ మ్యూజియంలో ఉంది. ఆ సైజులోనే, అంటే 83 సెంటీమీటర్ల ఎత్తులో కాన్వాస్ ప్రింటు అడిగాను.

మొదటిది బాలేదు. కుడిపక్క ఆకుపచ్చ తెర నల్లగా ముద్దలా వచ్చింది. ఆ తెర పోతే బొమ్మ సగం పోయినట్టే, ఎందుకంటే దాన్ని మనమే పక్కకు జరిపి, ఆ పిల్లకు తెలియకుండా గదిలోకి చూస్తున్నట్టు ఉంటుంది. విషయం చెప్తే వాదించకుండా, డబ్బులు అడక్కుండా మళ్లీ తీసిచ్చారు. ఈసారి కిటికీ అద్దంలో ఆమె ముఖం నీడ కూడా తేలింది.

ఫ్రేము కొడుతూ షాపాయన "ఏం కబురొచ్చిందో పాపం, మంచిది కానట్టుందమ్మా" అన్నాడు. చాలా ఏళ్లు నాకూ అట్లే అనిపించేది. అప్పట్లో వెనక గోడ ఖాళీ. అక్కడ రంగు కింద ప్రేమదేవుడి పటం, అంటే క్యూపిడ్ అనే పిల్లవాడి బొమ్మ, ఉందని 1979లో ఎక్స్‌రేలో తెలిసింది గానీ, వెర్మీరే వద్దనుకుని కప్పేశాడనుకున్నారు. 2017లో మొదలైన శుభ్రం చేసే పనిలో ఆ రంగు ఆయన పోయాక ఇంకెవరో పూసిందని తేలింది, 2021కల్లా ఆ పిల్లవాడు విల్లు పట్టుకుని పూర్తిగా బయటికొచ్చాడు. కాళ్ల దగ్గర ముఖానికి తగిలించుకునే మాస్కులు, అవి మోసానికి గుర్తు. మోసాన్ని తొక్కేసే నిజమైన ప్రేమ అని దానికి అర్థం చెప్తారు.

అంటే ప్రేమలేఖే. సరే, కానీ ఆమె నవ్వడం లేదే! ఉత్తరాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది, ముందు పళ్ల పళ్లెం ఒరిగిపోయి ఉంది, ఒక పండు టెంక కనబడేలా చీలి ఉంది. నన్నడిగితే ఆమె ఇంకా చివరి వరుస దాకా రాలేదు. ఖాళీ గోడ ఇచ్చిన దిగులు మీద నాకిప్పటికీ మమకారమే, అయినా ఈ బొమ్మే నిజం.

మీరూ ఇట్లాంటిది చేయిస్తే మ్యాట్ కాన్వాస్ అడగండి, పైన అద్దం వద్దనండి. అద్దం వేస్తే ట్యూబ్‌లైటు సరిగ్గా ఉత్తరం మీదే మెరుస్తుంది. ఫ్రేము కొట్టకముందే ప్రింటును షాపు బయట పగటి వెలుతురులో ఒకసారి చూసుకోండి.